సంతకం పైన మిగిలిన చోటు

తిరుత్తణి,
ఫిబ్రవరి 9

చిరంజీవి మనస్వికి,

మామ లోకనాథం రాసేది. నాలుగు రోజులుగా ఫోను చేస్తూ ఉంటావు, దొరికి ఉండము. నా ఫోనూ మీ అత్త ఫోనూ ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాము. ఫైనాన్సు కంపెనీ వాళ్లు పొద్దున ఏడింటికే మొదలుపెడతారు. ముందు ఒక అమ్మాయి చేస్తుంది, గొంతు మెత్తగా ఉంటుంది. తర్వాత ఒకడు చేస్తాడు, వాడిది అట్లా ఉండదు. మొన్న వాడు మీ అత్తకు దొరికాడు. "డబ్బు కట్టకుండా ఫ్రిజ్జు తింటా వుండారా?" అన్నాడట. "ఫ్రిజ్జును ఎట్లా తింటాము నాయనా, మాకు పళ్లే సరిగా లేవు" అని ఈమె పెట్టేసింది. నవ్వుతూనే చెప్పింది గానీ ఆ పూట అన్నం ముట్టలేదు.

సంగతి ఇది. రెండేళ్ల కింద పూలంగడికి అద్దాల తలుపుల ఫ్రిజ్జు వాయిదాల మీద కొన్నాము, నీకు తెలుసు. పద్దెనిమిది వాయిదాలు. ఆ చలికాలం మంచుకు మల్లె దొరకక, దొరికింది కొనలేక, రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి. తర్వాత ఆ రెండూ కట్టాను, మిగిలినవీ కట్టాను. అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు ఆ ఆలస్యానికి అపరాధం, అపరాధం కట్టనందుకు ఇంకో అపరాధం, వాటి మీద వడ్డీ అని ఇరవై మూడు వేలు అడుగుతున్నారు. లేకపోతే ఆడి కృత్తిక పండగకు ముందే ఫ్రిజ్జు ఎత్తుకుపోతారట. పగలు అమ్మిన పువ్వు మనకు పెట్టుబడి మాత్రమే. మిగిలింది ఫ్రిజ్జులో పెట్టి మర్నాడు గుడికి కొండెక్కే వాళ్లకు అమ్మితేనే లాభం. ఫ్రిజ్జు పోతే అంగడి పోయినట్టే.

నాకు కోపం కూడా రావడం లేదు. అలసటగా ఉంది, అంతే.

నువ్వు లా చదువుతున్నావు కదా అని కాగితాల జిరాక్సు ఇందులో పెట్టాను. తొమ్మిది పుటలు, అంతా ఇంగ్లీషు. తీరికుంటే చూడు, చదువు చెడగొట్టుకోవద్దు. ఇక్కడికి రావద్దు, అంగడి ముందర వాళ్ల మనుషులు నిలబడి ఉంటారు. మీ అమ్మకు చెప్పవద్దు, శోళవరం నుంచి పరిగెత్తుకొస్తుంది.

జాబు తెలుగులోనే రాయి. నేను నేర్పిన అక్షరాలు తుప్పు పట్టకూడదు.

మీ మామ

తిరువళ్లూరు,
ఫిబ్రవరి 19

మామా,

అక్షరాలు తుప్పు పట్టలేదు, నత్తలా నడుస్తున్నాయి. తమిళంలో పది నిమిషాల్లో అయ్యే జాబుకు తెలుగులో గంట పడుతుంది. అయినా ఇష్టంగా ఉంది. ఈ మధ్య కొత్త మాట దొరికితే చీటీ మీద రాసి హాస్టలు గోడకు అంటిస్తున్నాను. నీ కాగితంలో మూడు దొరికాయి, చెబుతాను.

తొమ్మిది పుటలూ చదివాను. ఆవగింజంత అక్షరాలు, నలభై మూడు షరతులు. అపరాధ రుసుమును కంపెనీ ఎప్పుడైనా, ఎంతకైనా మార్చుకోవచ్చని పదిహేడో షరతు. నీకు చెప్పనక్కర కూడా లేదట. అది చదివాక నాకు ఆశ పోయింది. చివరి పుట తిప్పేదాకా.

చివరి పుటలో నీ సంతకం పైన తెలుగులో మూడు వరుసలున్నాయి! మొదట నీ పేరూ చిరునామా అనుకున్నాను. నీ గొలుసుకట్టు రాత విప్పడానికి అరగంట పట్టింది. "పైన అచ్చులో ఏమి ఉన్ననూ, వాయిదా తప్పినచో ఆ నెల వడ్డీ తప్ప వేరే అపరాధము లేదు. వడ్డీ మీద వడ్డీ లేదు. ఇందుకు ఇరువురమూ సమ్మతించి చేసిన వ్రాలు." కింద నీ సంతకం. పక్కనే కంపెనీ ముద్ర, కంపెనీ తరఫున వేలాయుధం అనే ఆయన సంతకం.

ఉన్ననూ, తప్పినచో, వ్రాలు. వ్రాలు అంటే సంతకమట. మూడూ గోడకెక్కాయి.

మాకు కాంట్రాక్టు చట్టం చెప్పే తిరుమలయ్య సారుకు చూపించాను. ఎప్పుడూ నిద్రలో ఉన్నట్టు ఉండే మనిషి, చదవగానే లేచి నిలబడ్డారు. "ఎవరమ్మా ఈయన? లాయర్లు ఫీజు తీసుకుని రాసే వాక్యం ఇది" అన్నారు. అచ్చుకూ చేతిరాతకూ తగాదా వస్తే చేతిరాతదే పైచేయి అట. కంపెనీ మనిషి కింద సంతకం పెట్టాడు కాబట్టి అది వాళ్లనూ కట్టేస్తుందట. వినియోగదారుల కోర్టు ఈ ఊళ్లోనే ఉంది. కేసు వేద్దాం మామా.

ఒక్క ప్రశ్న. సంతకం పెట్టే ముందు ఆ వాక్యం వేలాయుధానికి చదివి చెప్పావా?

మనస్వి

తిరుత్తణి,
మార్చి 2

మనస్వికి,

కేసు అనగానే మీ అత్త వనజాక్షి భయపడింది. "కోర్టుకు పొయ్యే అలవాటు మన వంశంలో యాడుంది?" అంది. మన వంశం బతికిందే అట్లాంటి ఆఫీసు వాకిట్లో అని గుర్తు చేశాను. మీ తాత నాగలింగం పళ్ళిపట్టులో రిజిస్ట్రారు ఆఫీసు ముందర చెక్కపెట్టె పెట్టుకుని పత్రాలు రాసేవాడు. తెలుగువాళ్లకు తెలుగులో, తమిళులకు తమిళంలో. నాకు ఆయన ఇచ్చిన ఆస్తి ఒక్క మాటే. "సంతకం పైన తెల్ల కాగితం మిగలనీయొద్దురా. నువ్వు నింపకుంటే ఇంకొకడు నింపుతాడు."

వేలిముద్ర వేసే వాళ్ల చేత కూడా చివరి వరుస చెప్పించుకుని, వాళ్ల మాటల్లోనే రాసేవాడు. రాశాక రెండు పక్షాలనూ ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం గట్టిగా చదివేవాడు. వీధిలో పోయేవాళ్లు నిలబడి వినేవాళ్లు. ఎవరి పొలం ఎవరికి పోతుందో ఊరంతటికీ ఆయన గొంతులోనే తెలిసేది.

ఆ రోజు ఫ్రిజ్జు షోరూములో నా ముందు పెట్టిన కాగితంలో సంతకం పైన నాలుగు వేళ్ల చోటు ఉంది. పెన్ను దానంతట అదే రాసింది. అంతకన్నా గొప్ప ఏమీ లేదు. మీ సారు పొగడ్త మీ తాతకు చెందాలి.

ఇక్కడ కనకాంబరం రావడం లేదు. మల్లె ధర దిగింది. మీ అత్త మోకాలు అట్లనే ఉంది. మెత్తని గొంతు అమ్మాయి నిన్న పక్క అంగడి ఫోనుకు చేసి, "లోకనాథం సారు బాగుండారా?" అని అడిగిందట. ఎవరైనా బాగున్నావా అంటే ఇప్పుడు భయమేస్తోంది.

నువ్వు అడిగినదానికి ఇంకోసారి రాస్తాను. కొండ మీది నుంచి జనం దిగుతున్నారు.

మామ

తిరువళ్లూరు,
మార్చి 14

మామా,

తాత చదువుతుంటే వీధి నిలబడి వినడం నాకు కళ్ల ముందు కనిపించింది. ఆ జాబు నాలుగుసార్లు చదివాను.

ఫిర్యాదు తయారైంది. సారు సాయంతో నేనే రాశాను, ఆరు పేరాలు. ప్రతి మాటా తూచి పెట్టాను. ఇంగ్లీషులో ఉంది కాబట్టి నాలుగో పేరా ఒక్కటి ఇక్కడ తెలుగులో చెబుతున్నాను: "ఈ చేతిరాత షరతును కంపెనీ ప్రతినిధి తెలుసుకుని, ఒప్పుకుని, సంతకం చేశారు." కేసు మొత్తం దాని మీదే నిలబడి ఉంది. నువ్వు ప్రమాణం చేసి సంతకం పెట్టాల్సిన కాగితం కూడా పంపుతున్నాను.

అది నిజమే అయితే ఏమీ రాయనక్కర్లేదు. సంతకం పెట్టి పంపు చాలు.

మనస్వి

తిరుత్తణి,
మార్చి 22

మనస్వికి,

సంతకం పెట్టి పంపాను. ఎండలు మొదలైనాయి. వేళకు తిను.

మామ

తిరుత్తణి,
మే 11

మనస్వికి,

కేసు వేశాక వాళ్ల మనుషులు అంగడి ముందర నిలబడడం మానేశారు. ఫోను బియ్యం డబ్బాలోంచి తీశాను. అయినా ఈ సంగతి ఫోనులో చెప్పలేను. నీ గొంతు వింటే మాట మార్చేస్తాను.

నిన్న మధ్యాహ్నం వేలాయుధం వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. ఎండలో నడిచి వచ్చి ఫ్రిజ్జు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మీ అత్త మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి పెట్టాడు. అతనికి తెలుగు రాదు, తమిళంలోనే మాట్లాడాడు. చదవకుండా సంతకం పెట్టినందుకు కంపెనీ వాళ్లు రెండు నెలలుగా అతని జీతం ఆపేశారట. కేసులో ఓడితే నష్టమంతా అతనే కట్టాలట.

"మామా, ఆ పొద్దు నేను మిమ్మల్ని అడిగినాను గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. నీకు రెండు జాబుల్లో రాయకుండా తప్పించుకున్నది అదే. ఆ రోజు అతను నా వరుసలు చూసి, "ఇదేంది మామా, ఇంత పొడుగు కైయెళుత్తు?" అని నవ్వాడు. సంతకాన్ని వాళ్లు అట్లనే అంటారు కదా. నేనేమన్నానంటే, "మా పళ్ళిపట్టు పక్క అంతే నాయనా. ఇంటిపేరు, నాయన పేరు, ఊరి పేరు అన్నీ రాస్తేనే సంతకం." "ఆధార్ కార్డులో ఇంత లేదే?" అన్నాడు. "కార్డులో పట్టలేదులే" అన్నాను. ఇద్దరమూ నవ్వుకున్నాము. అతను పక్కన సంతకం పెట్టి ముద్ర కొట్టాడు.

మీ తాత నేర్పిన దాంట్లో సగమే చేశాను మనస్వీ. రాశాను, చదవలేదు. చదివితే ఒప్పుకోరని, ఫ్రిజ్జు ఇవ్వరని భయమేసింది. ఆ చలికాలానికి ముందే మీ అత్త వాడిపోయిన పువ్వు చెత్తకుప్పలో పోసి ఏడ్చింది, అది నా కళ్లలో ఉంది.

నీ నాలుగో పేరా అబద్ధం. తెలిసే సంతకం పెట్టాను.

మామ

తిరువళ్లూరు,
మే 20

మామా,

నీ జాబు పట్టుకుని సారు దగ్గరికి వెళ్లాను. చూపించలేదు. వేరే ఎవరిదో సంగతిలా అడిగాను. అవతలివాడికి వేరే ఏదో చెప్పి సంతకం పెట్టిస్తే అది సమ్మతి కాదు, మోసం, ఆ వాక్యం నిలబడదు అన్నారు. చెబుతూనే నా ముఖం చూశారు. తర్వాత నల్లబల్ల వైపు తిరిగి, "అయితే అది అవతలివాళ్లు రుజువు చేసుకోవాలి. అతని మాట తప్ప వేరే సాక్ష్యం లేదు కదా" అన్నారు.

అంటే నువ్వు నోరు మెదపకపోతే గెలుస్తాము.

ఇంకొకటి చూడు. నీ మూడు వరుసల పైన, అచ్చులో, "ఈ షరతులన్నీ నాకు తెలిసిన భాషలో చదివి వివరించారు" అని ఉంది. నీకు ఎవరు వివరించారు? నువ్వు చదవలేనిది వాళ్లు నీ ముందు పెట్టారు, వాళ్లు చదవలేనిది నువ్వు వాళ్ల ముందు పెట్టావు. ఎవరిది మోసం అని నన్ను నేను అడుగుతూ మెస్సుకు వెళ్లడం మరిచిపోయాను.

ఇప్పుడు నా సంగతి. నేను అడిగిన ప్రశ్నకు నువ్వు జవాబు రాయలేదని నాకు మార్చిలోనే తెలుసు. నువ్వు మరిచిపోయే మనిషివి కావు. తెలిసే నాలుగో పేరా రాశాను. "నిజమే అయితే ఏమీ రాయనక్కర్లేదు" అన్నాను చూడు, నీకు తప్పుకోవడానికి దారి అట్లా కట్టి ఇచ్చాను. ఆ వాక్యం రాసినప్పుడు ఎంత చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా. గోడ మీది చీటీలన్నీ తీసేశాను.

విచారణ జూన్ 24న. ఆ రోజే నాకు పరీక్ష. నువ్వొక్కడివే వెళ్లాలి. ఏం చెప్పమంటావని నన్ను అడగవద్దు. చెప్పొద్దు అని రాయబోయాను, చెప్పు అని రాయబోయాను. రెండూ కొట్టేశాను. ఫ్రిజ్జు మాత్రం పోకూడదు మామా.

మనస్వి

తిరుత్తణి,
జూన్ 26

మనస్వికి,

పరీక్ష బాగా రాశావని అనుకుంటాను. కోర్టు అయ్యాక నీ హాస్టలు గేటు దాకా వచ్చాను. నువ్వింకా కాలేజీలోనే ఉంటావని మల్లెపూలు వాచ్‌మన్‌కు ఇచ్చి, రెండున్నర లోకల్ పట్టుకున్నాను. నిజానికి కూర్చుని ఉంటే నువ్వు వచ్చేదానివే. అంతసేపు కూర్చునే ఓపిక లేకపోయింది.

కోర్టులో విచారణ నడిపించేది ఒక పెద్దావిడ. నా కాగితం పట్టుకుని తమిళంలో అడిగింది. "అయ్యా, ఈ తెలుగు వరుసలు ఏమిటో కంపెనీ మనిషికి తెలుసా?"

"తెలీదమ్మా" అన్నాను. "అతను అడిగినాడు. నేను మా నాయన పేరు, ఊరి పేరు అని చెప్పినాను."

వాళ్ల లాయరు లేవబోయాడు, ముఖం వెలిగిపోయింది. ఆమె చేత్తోనే కూర్చోమని సైగ చేసి, వేలాయుధాన్ని పిలిచింది. "ఈ తొమ్మిది పుటలు ఆయనకు తెలిసిన భాషలో చదివి చెప్పినావా?"

వేలాయుధం లాయరు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"లేదమ్మా. ఎవురికీ చెప్పను. అందులో ఏముందో నాకే తెలీదు. గుర్తు పెట్టిన చోట సంతకాలు తీసుకురమ్మంటారు, తెస్తాను."

లాయరు తన కాగితాల్లో ఏదో వెతుక్కుంటున్నాడు. నాలుగో పేరా ఎవరు రాశారని ఆమె అడిగింది. "నేను చెప్పింది చెప్పినట్టు మా పాప రాసింది, ఆమెకు ఏమీ తెలీదు" అన్నాను. ఒక అబద్ధం ఒప్పుకుని ఇంకొకటి చెప్పాను. నీ చదువు ముందుంది, పట్టించుకోవద్దు.

తీర్పు తర్వాత ఇస్తామన్నారు. బయట బెంచీ మీద వేలాయుధం నా పక్కనే కూర్చున్నాడు. ఉద్యోగం పోయినట్టే అన్నాడు. కాసేపయ్యాక, "ఆ వరుసల్లో ఏముందో ఇప్పుడన్నా చదవండి మామా" అన్నాడు. మొదట తెలుగులో, తర్వాత తమిళంలో చదివాను. మీ తాత చదివినట్టు గట్టిగా చదివాను. పక్క బెంచీ వాళ్లు తిరిగి చూశారు.

అంతా విని, "ఇంతేనా?" అన్నాడు. "అప్పుడే చెప్పుంటే నేను సరే అనుందును మామా. వద్దనేదానికి నాకు యాడ తెలుసు?"

రైల్లో దారంతా ఆ మాటే వినబడింది.

మామ

తిరువళ్లూరు,
జూలై 19

మామా,

పూలు అందాయి. నీ జాబూ అందింది.

తీర్పు నిన్న వచ్చింది. ఆవగింజంత అక్షరాల పదిహేడో షరతు చెల్లదు, ఎందుకంటే దాన్ని నీకు ఎవరూ చదివి చెప్పలేదు. నీ మూడు వరుసలూ చెల్లవు, ఎందుకంటే వాటిని నువ్వు ఎవరికీ చదివి చెప్పలేదు. ఇద్దరికీ తెలిసింది ఏదో అదే మిగులుతుంది: ఫ్రిజ్జు ధర, పద్దెనిమిది వాయిదాలు, ముందు చెప్పుకున్న వడ్డీ. ఆలస్యమైన రెండు నెలలకు ఆ లెక్కన ఎనిమిది వందల చిల్లర కట్టు. ఫ్రిజ్జు జోలికి వాళ్లు రాకూడదు. కృత్తికకు పూలు నిండుగా తెప్పించుకో.

నీకు పరిహారం గానీ ఖర్చులు గానీ ఇప్పించలేదు. నాలుగో పేరా వల్ల. వేలాయుధం పేరు తీర్పులో రెండుసార్లు ఉంది. అతని జీతం గురించి ఒక్క మాట లేదు. ఉద్యోగం తీసేశారని అత్త ఫోనులో చెప్పింది. మనం గెలిచామా అని అత్త అడిగితే, ఫ్రిజ్జు మాత్రం నిలిచింది అన్నాను.

ఇంకొకటి నీకు చెప్పాలి. నువ్వు నా కోసం చెప్పిన ఆ రెండో అబద్ధాన్ని నేను ఉంచుకోలేకపోయాను. నీ జాబు వచ్చిన మర్నాడే, తీర్పుకు ముందే, కోర్టు ఆఫీసుకు వెళ్లాను. నాలుగో పేరా నేనే రాశానని, అనుమానం ఉండి కూడా రాశానని, మా మామ నన్ను కాపాడడానికే అట్లా చెప్పాడని ఒక కాగితం రాసుకుని వెళ్లాను. గుమాస్తా భోజనానికి కూర్చోబోతున్నాడు. "ఎవరూ అడగలేదు కదమ్మా, ఎందుకిది?" అన్నాడు.

కాగితంలో సంతకం పైన నాలుగు వేళ్ల చోటు మిగిలింది. దానికి సరిపడా మంచి వాక్యాలు నా దగ్గర మూడు ఉన్నాయి. నువ్వు ఎంత అలసిపోయి ఉన్నావో, అత్త వాడిన పూలు ఎట్లా కుప్పలో పోసిందో, నేనింకా చదువుకునే పిల్లనేనని. మూడూ బాగా కుదిరాయి. పెన్ను అక్కడికే పోయింది.

రాయలేదు. ఆ చోటు మీద ఒక అడ్డగీత గీశాను. తర్వాత మొదటి మాట నుంచి గట్టిగా చదివాను. గుమాస్తా అన్నం డబ్బా మూత చేత్తో పట్టుకుని చివరిదాకా విన్నాడు. అప్పుడు సంతకం పెట్టాను.

మనస్వి